జానెడు గాజు

ఇంటర్నెట్‌లో ఒకసారి పడిన మాట ఇక చెరగదని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లలో గొయ్యి తవ్వి కేబుల్‌ని చేత్తో ముట్టుకున్నవాడు ఒక్కడూ లేడు. నేను ముప్పై నాలుగేళ్లు ఆ పనే చేశాను. దానికున్నంత మతిమరుపు ముసలివాళ్లకు కూడా ఉండదు.

నా పేరు కొల్లాబత్తుల యేసుపాదం. టెలిఫోన్ శాఖలో జాయింటర్‌గా చేసి రిటైరయ్యాను. తెగిన తీగను అతకడం మా పని. చేరిన కొత్తలో అన్నీ రాగి తీగలే. భీమవరంలో మొదటి నెట్ సెంటర్‌కి లైను లాగినవాళ్లలో నేనొకణ్ణి. ఆ రోజు మోడెం కీచుమని, గురగురమని, మూడోసారికి గానీ కలవలేదు. ఒక బొమ్మ తెరమీద పైనుంచి కిందికి గీత గీతగా దిగడానికి మేం టీ తాగి వచ్చేంత సేపు పట్టింది. అందరం చప్పట్లు కొట్టాం. తర్వాత రాగి పోయి గాజు వచ్చింది. తలవెంట్రుక లావు గాజుపోగు, అందులో పరుగెత్తే వెలుగు. కాలవ గట్ల వెంబడి మైళ్లకొద్దీ పాతాం. ఇంటింటికీ నెట్ వచ్చింది, నెట్ సెంటర్లు మూతబడ్డాయి, మనుషులు ఫోన్లలోకి దూరిపోయారు. మేం మాత్రం గోతుల్లోనే ఉన్నాం. ఎందుకంటే మా డెల్టాలో ఏ రైతు నిద్రలేచినా చేలో చేపల చెరువో రొయ్యల చెరువో తవ్విస్తాడు. పొక్లెయిన్ దిగిందంటే కేబుల్ తెగిందన్నమాటే.

మా ఊరు చినగొంతేరులో నరసరాజు గారనే ఆసామి ఒకే నెలలో మూడుసార్లు మా కేబుల్ తెంపించాడు. తెగిన ప్రతిసారీ మెమో నాకే వచ్చింది. మా అబ్బాయి దయాకర్ అది చూసి ఊరుకోలేక, బజార్లో ఆయన్ని పట్టుకుని నలుగురి ముందూ నానా మాటలూ అన్నాడు. నీ సంగతి చూస్తానని కూడా అన్నాడు. ఇరవై రెండేళ్లవాడు, నోటికి తాళం లేదు. వారం తిరక్కుండా ఒక సాయంత్రం నరసరాజు గారిని ఆయన చెరువు షెడ్డు దగ్గర ఎవరో నరికేశారు. ఆయన భార్యతో ఫోన్లో మాట్లాడుతూ ఆరూ ముప్పై ఎనిమిదికి అరిచి పడిపోయాడు. గట్టు మీద ఎవరో కుర్రాడు పరిగెత్తడం చూశామని ఇద్దరు చెప్పారు. పేటలోవాడు రాజుగారిని బెదిరించిన సంగతి ఊరంతటికీ తెలుసు, ఇంకో కుర్రాడి కోసం ఎవరూ వెతకలేదు.

దయాకర్ ఒకటే చెప్పాడు. ఆ టైముకి షెడ్డుకి నాలుగు కిలోమీటర్ల దూరంలో, మా ఇంట్లో, నెట్‌లో ఒక అమ్మాయితో మాట్లాడుతున్నానని. ఆరూ నలభైకి లైను పోయే దాకా మాట్లాడానని. లైను పోయిన మాట నిజమే. ఆ సాయంత్రం ఇంకో చెరువు దగ్గర పొక్లెయిన్ కేబుల్ తెంపింది, ఎక్స్చేంజిలో అలారం మోగింది, నేనే వెళ్లి అతికాను. కానీ ఆ అమ్మాయి పెట్టుకున్నది దొంగ పేరు, ఎవరో ఏ ఊరో తెలియదు. ఆ చాటింగ్ యాప్ కంపెనీ ఎత్తేశారు. మా లాయరు మా శాఖలో కనెక్షను లెక్కలు అడిగేసరికి గడువు దాటిందని చెరిపేశారు. వాడు ఇంట్లోనే ఉన్నాడని నా భార్య సువార్త చెప్పింది. తల్లి కాకపోతే ఎవరు చెప్తారని కోర్టు అంది. యావజ్జీవం వేశారు. చచ్చేదాకా అని కూడా రాశారు. అప్పీళ్లన్నీ పోయాయి. పన్నెండేళ్లయింది.

నన్ను కూడా సాక్షిగా పిలిచారు. నేను గోతిలో ఉన్నాను, వాడెక్కడున్నాడో నాకు తెలియదన్నాను. అది నిజం. చెప్పనిది ఇంకోటి ఉంది. ఆ రాత్రి పని ముగించుకుని ఇంటికి వెళ్లేసరికి వాడి చొక్కా ఒక్కటే ఉతికి తాడు మీద ఆరేసి ఉంది. సువార్త బట్టలుతికేది పొద్దున్నే. పుట్టాక ఎన్నడూ తన గుడ్డ తాను ఉతుక్కున్నవాడు కాదు. నేను అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయపడ్డాను. ఆ భయాన్ని పన్నెండేళ్లు కడుపులో పెట్టుకుని నెలకి రెండుసార్లు జైలుకి వెళ్లి కొడుకుని చూసి వచ్చాను.

ఇలా ఉండగా విజయవాడ నుంచి డాక్టర్ సత్యవేణి గారి కబురు వచ్చింది. ఆవిడ బందరు కాలవ పక్కన పాత బియ్యం మిల్లులో చిన్న పరిశోధనశాల నడుపుతోంది. పాతికేళ్ల నాటి గాజు కేబుళ్లు విరగకుండా విప్పడం అక్కడి చదువుకున్న పిల్లలకు రాక పాత జాయింటర్ల కోసం వెతుకుతున్నారు. ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం కంటే నయమని వెళ్లాను. మొదటి రోజు ఒక ముక్క విప్పి ఇచ్చాను. ఆవిడ అందులోంచి ఒక పోగు తీసి, బారెడు ముక్క కోసి, పెన్ను పట్టేంత సన్నటి కొలిమిలో పెట్టి నెమ్మదిగా వేడిచేసింది. పక్కనున్న తెరమీద ఒక బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగడం మొదలైంది. ఉంగరాల జుట్టు, కాటుక చుక్క, బోసినవ్వు. ఎవరో కన్న పసిబిడ్డ, ఎప్పుడో ఎవరికో పంపిన ఫోటో. బొడ్డు దాకా వచ్చి ఆగిపోయింది.

కింది సగం ఏదమ్మా అని అడిగాను. ముక్క అయిపోయిందని చెప్పింది. మళ్లీ పెట్టమన్నాను. మళ్లీ రాదని చెప్పింది. గాజులోంచి పోయిన ప్రతి వెలుగూ ఒక సన్నని మరక వదిలి పోతుందట. వేడి తగిలితే ఆ మరక కంటికి కనపడనంత మసక వెలుగుగా ఒక్కసారి బయటికి వచ్చి, అంతటితో మాయమవుతుంది. చదవడమంటే చెరపడమేనని ఆవిడ అంది. ఆ బిడ్డ కాళ్ల కోసం నా మనసు ఎందుకో గిలగిలలాడింది.

గోడకి సున్నం మీద సున్నం కొట్టినట్టు, పాత మరక లోపల, కొత్త మరక పైన ఉంటుందట. వేడికి ముందు లేచేది పైదే. అలాంటప్పుడు ఎప్పుడో తెగిపోయి, మళ్లీ వెలుగన్నది ఎరగని ముక్కకి పై పొర ఏ రోజుదని అడిగాను.

"ఆ తెగిన క్షణానిదే అవుతుందండీ," అంది ఆవిడ.

నా చేతిలో కత్తెర కింద పడింది. ఆవిడ కంగారుపడి స్టూలు వేసి కూర్చోబెట్టింది. కొడుకు సంగతంతా చెప్పాను. ఇవాళ్టి రోజుల్లో ఎవరి గొంతునైనా పదేళ్ల పిల్లలు కూడా ఫోన్లో పుట్టించేస్తున్నారు, అందుకే కోర్టులు రికార్డింగులను నమ్మడం మానేశాయి. గాజుకి మాత్రం ఇంతవరకూ ఎవరూ అబద్ధం నేర్పలేకపోయారు. కోర్టు మనిషి కళ్లముందు గాజుని కొలిమిలో పెడితే దాన్ని కాదనడం కష్టమని ఆవిడ అంది. మా లాయరు ఆ వారమే పిటిషను వేసింది. మూడు నెలలకు కోర్టు ఒప్పుకుంది. ఒక కమిషనరుని పంపుతామని, ఆయన ముందు చదవాలని రాసింది.

పిటిషనులో మా ఊరి కాలవ గట్టున పాతిన కేబుల్ అని రాసి ఉంది. అందరూ గట్టు తవ్వితే సరిపోతుందనుకున్నారు. నాకు మాత్రం నిజం తెలుసు. ఆ గట్టులో ఉన్నది ఆనాటి గాజు కాదు.

ఆ సాయంత్రం పొక్లెయిన్ కేబుల్‌ని తెంపడమే కాదు, లాగి నలిపేసింది. నలిగిన గాజుకి అతుకు నిలవదు. తొందరగా లైను ఇవ్వకపోతే ఇంకో మెమో. అందుకని అరవై మీటర్ల పాతముక్క కోసేసి, కేబుల్ చుట్టి ఉండే వేరే డ్రమ్ములోంచి కొత్తముక్క వేశాను. వేరే డ్రమ్ము ముక్క అని రిజిస్టర్లో రాస్తే సంజాయిషీ రాయాలి, కాబట్టి అతుకు వేశానని మాత్రం రాశాను. మాలో అందరం అలాగే రాసేవాళ్లం. కోసిన పాతముక్కని ఆ పక్క చెరువు కౌలు రైతు, చెరువుకి అడ్డంగా కట్టుకుంటానని అడిగి తీసుకుపోయాడు. రొయ్యల మీద కొంగలు, నీటికాకులు వాలకుండా చెరువంతా తీగలు లాగి కడతారు మా వైపు. మా కేబుళ్లు కుళ్లవు, తుప్పు పట్టవు, దానికి భేషుగ్గా పనికొస్తాయి.

మర్నాడే ఆ చెరువు దగ్గరికి పోయాను. కేబుల్ ఇంకా అక్కడే వేలాడుతోంది. నల్ల తొడుగు ఎండకి బూడిద రంగుకి తిరిగింది. పన్నెండు వేసవులు దాని మీదుగా పోయాయి. ఎండ తగిలిన గాజులో ఏమీ మిగలదని సత్యవేణి గారు చెప్పింది నాకు గుర్తే. గట్టు మీద కూలబడి ఏడ్చాను. సిగ్గుపడకుండానే ఏడ్చాను, చూసేవాళ్లు కొంగలు తప్ప ఎవరూ లేరు.

లేవబోతూ కేబుల్ చివర ఎక్కడుందో చూశాను. గాలికి ఊడిపోకుండా దాని కొసని ఒక సరుగుడు మొద్దుకి చుట్టి గట్టులో పాతేశారు. చెయ్యి పెట్టి గీరితే మట్టి లోపల చల్లగా, తడిగా ఉంది. రెండు బారల ముక్క ఎండ మొహం చూడకుండా పన్నెండేళ్లు ఆ బురదలో పడుకుని ఉంది. దేవుడున్నాడని ఆ పూట నమ్మాను.

లాయరుకి సంగతంతా చెప్పాను. కమిషనరు సోమవారం వస్తానన్నాడు. కానీ శనివారం మధ్యాహ్నం చెరువుకి కొత్త కౌలుదారు దిగాడు, మర్నాడు పొద్దున్నే గట్టు పగలగొట్టి పూడిక తీయిస్తున్నానన్నాడు. రెండు రోజులు ఆగమని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. పొక్లెయిన్ మళ్లీ దొరకదని ఒప్పుకోలేదు. లాయరుకి ఫోన్ చేస్తే, ఊరి పెద్దలు ఇద్దరిని పిలిచి వాళ్ల ముందు తీయమంది, వాళ్ల సంతకాలు పెట్టించమంది. సత్యవేణి గారు జాగ్రత్తలు చెప్పింది. ఎండ తగలకూడదు, వేడి తగలకూడదు, వంచకూడదు, నల్లగుడ్డ చుట్టి పైపులో పెట్టి తేవాలి. సరేనన్నాను. గట్టు తవ్వి, గొడుగు నీడలో ముక్క కోసి, నల్లగుడ్డ చుట్టించి ఇంటికి తెచ్చాను. పెద్దలు సంతకాలు చేసి వెళ్లిపోయారు.

సువార్త దాన్ని పసిబిడ్డని చూసినట్టు చూసింది. ముట్టుకోవచ్చా అని అడిగి, గుడ్డ మీదే చెయ్యి వేసి ప్రార్థన చేసుకుంది. తర్వాత వంటింట్లోకి వెళ్లింది. నేను గదిలో తలుపు గడియ వేసుకుని, కిటికీలు మూసి, పైపులో పెడదామని గుడ్డ విప్పాను.

ఇక్కడ జరిగినది నేను ఎంత తిప్పి చెప్పినా ఒకటే. ముప్పై నాలుగేళ్లలో ఏ ముక్కనీ వెలుగు వేసి చూడకుండా ఇంకొకరి చేతికి ఇచ్చినవాణ్ణి కాదు. ఏ జాయింటరూ ఇవ్వడు. వెలుగు ఈ చివర పెడితే ఆ చివర కనపడాలి, కనపడితేనే అది బతికున్న ముక్క. నా పాత సంచిలో ఎర్ర లైటు పెన్ను ఉంది. కొసలు శుభ్రం చేసి, పన్నెండు పోగులూ విడదీసి, ఒక్కొక్క దానికీ లైటు పెట్టి చూసుకుంటూ పోయాను. నీలం పోగు ఆ చివర ఎర్రగా మెరిసింది. హమ్మయ్య అనుకున్నాను. నారింజ పోగు మాత్రం చివరికి జానెడు దూరంలో విరిగింది, వెలుగు అక్కడే ఆగి బయటికి చిమ్మింది. అయ్యో, ఇదొకటి పాడైందే అని నొచ్చుకున్నాను. మిగతా పదీ బాగున్నాయి. గుడ్డ చుట్టి పైపులో పెట్టి రెండు వైపులా మూతలు బిగించి, వెళ్లి సుబ్బరంగా అన్నం తిన్నాను.

సోమవారం పరిశోధనశాలలో కమిషనరు, మా లాయరు, అవతలి లాయరు, నేను, సువార్త ఉన్నాం. సత్యవేణి గారు ముందు నీలం పోగు తీసింది. మా వైపు నుంచి వెళ్లే మాటలు నీలంలో, మా వైపుకి వచ్చే మాటలు నారింజలో పోయేవి. ఆ రోజుల్లో నడిచే లైన్లు ఆ రెండే. కొలిమి వేడెక్కింది. తెరమీద ఒక చదునైన గీత వచ్చింది. ఎత్తూ పల్లం లేదు. ఆవిడ కొలిమి ఆపి ఇంకో చోట ముక్క కోసి పెట్టింది. మళ్లీ అదే గీత. మూడోసారీ అంతే.

"దీంట్లో ఒకటే వెలుగుందండీ. మాటలేం లేవు, ఏదో దీపం వేసి పట్టుకున్నట్టుంది. ఈమధ్య పడిందే," అని ఆవిడ కమిషనరుతో అంటూ నా వైపు తిరిగింది. "యేసుపాదం గారూ, మీరు దీన్ని..."

ఆ మాట పూర్తికాక ముందే నాకు అర్థమైంది. లైటు పెట్టి చూశానని చెప్పాను. ఎన్ని పోగులకని అడిగింది. అన్నింటికీ అన్నాను. ఆవిడ కళ్లు మూసుకుంది. మెత్తటి తడి గోడ మీద చెయ్యి పెట్టి రాసినట్టు, నా లైటు పై పొరని చెరిపేసింది. ఆ సాయంత్రం నాటి పొర. దాని కింద అంతకుముందు రోజులు ఎన్నో ఉన్నాయి. వాటితో ఎవరికీ పనిలేదు. ఎండా వేడీ చెప్పాను గానీ లైటు పెట్టొద్దని చెప్పాలని నాకు తట్టలేదండీ అని ఆవిడ తనని తానే తిట్టుకుంది. ఎవరికి మాత్రం తడుతుంది? జాయింటరు తప్ప ఆ పని ఇంకెవడు చేస్తాడు?

కమిషనరు ముక్కుసూటి మనిషి. ముద్దాయి తండ్రి ముక్కని విప్పి లోపల వెలుగు పెట్టినట్టు ఒప్పుకున్నాడని, ఈ ముక్కలో ఏ పోగునీ ఇక సాక్ష్యంగా తీసుకోవడం కుదరదని రాసుకుని వెళ్లిపోయాడు. అవతలి లాయరు నా వైపు జాలిగా చూశాడు. ఆ జాలి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది.

అందరూ వెళ్లాక సత్యవేణి గారు నారింజ పోగుని భూతద్దం కింద పెట్టి చూసింది. విరుపు దగ్గర నా వెలుగు ఆగిపోయింది కదా. విరుపుకి అవతలున్న జానెడు ముక్క మీద అది పడలేదు. పన్నెండు పోగుల్లో చెడింది ఒక్కటే, బాగున్నదీ అదొక్కటే. మా ఇంటివైపుకి వచ్చిన మాటలు, తెగేముందు పది పన్నెండు సెకన్లవి, అందులో ఉంటాయి. కానీ ఇవాళ చదివితే ఇవాళే పోతాయి, కోర్టు ఎలాగూ తీసుకోదు. చెరపకుండా చదివే పద్ధతి కోసం తాను పనిచేస్తున్నానని ఆవిడ చెప్పింది. పదేళ్లు పట్టచ్చు. అప్పుడు ఎన్నిసార్లయినా, ఎవరి ముందైనా చదవచ్చు, ఇవాళ కాదన్న కోర్టే అప్పుడు మళ్లీ వినచ్చు. అందాకా చలిపెట్టెలో, చీకట్లో దాస్తానంది.

"నా సలహా అయితే దాచమనే. కానీ ఇది మీ అబ్బాయిది. అతన్ని అడగండి," అంది.

ఇంటికి వచ్చాక సువార్త కూడా అదే మాట అంది. పదేళ్లైనా దాచాల్సిందే అంది. అంటూనే నా మొహంలోకి చూసింది.

"చదివించాలనుందా ఏంటి నీకు? నాకు అక్కర్లేదయ్యా. నా కొడుకు ఇంట్లోనే ఉన్నాడని నాకు తెలుసు. జడ్జిగారికి అక్కర్లేదన్నారు. ఇంకెవరికి కావాలది?"

మూడు రోజులు అన్నం మీద చెయ్యి పెట్టి లేచిపోయాను. చొక్కా కళ్లముందు తాడు మీద ఊగుతూనే ఉంది. జైలుకి వెళ్లే రోజు ఇంకా వారం ఉంది. వెళ్లి వాణ్ణి అడిగితే దాచమంటాడు. పదేళ్లకి నాకు డెబ్బై ఎనిమిది. ఉంటానో పోతానో. వాడు చేశాడో లేదో తెలియకుండా పోవడం నావల్ల కాదనిపించింది. లైటు పెట్టడం అలవాటని అందరూ అన్నారు, నేనూ అన్నాను. మరి ఆ పూట గదికి గడియ ఎందుకు వేసుకున్నానని ఆ మూడు రోజులూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను.

నాలుగో రోజు సువార్తకి చెప్పకుండా విజయవాడ బస్సెక్కాను. దయాకర్‌ని అడిగారా అని సత్యవేణి గారు అడిగింది. అడిగానన్నాను. ఆవిడ నమ్మినట్టు లేదు, కానీ తండ్రి మాట కాదని ఎలా అంటుంది? కాగితం మీద సంతకం పెట్టించుకుంది. జానెడు గాజుని కొలిమిలోకి జరిపేటప్పుడు ఇంకోసారి నా వైపు చూసింది. కానివ్వండి అన్నాను.

ముందు గరగరమంది. తర్వాత ఒక ఆడపిల్ల నవ్వు వినిపించింది. ఆ తర్వాత మాటలు.

"ఊరికే అంటున్నావ్ నువ్వు. దయా, అదిగో, మీ అమ్మగారు అరుస్తున్నారు చూడు. నెయ్యి మాడిపోతందంట. వెళ్లి దించేసి రా, నేనుంటాను. వెళ్లు, నేనిక్కడే ఉం..."

అక్కడ పొక్లెయిన్ పడింది. అంతటితో గాజు ఖాళీ అయిపోయింది.

సత్యవేణి గారు ముఖం తిప్పుకుంది. ఆవిడ కళ్లు తుడుచుకోవడం నాకు కనిపించింది. నా కొడుకు ఆరూ నలభైకి ఇంట్లో ఉన్నాడు. ఎవరో ఊరూ పేరూ తెలియని పిల్లతో నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటున్నాడు. పన్నెండేళ్లుగా వాడు ఒక్క అక్షరం మార్చకుండా చెప్పింది చెప్పినట్టే ఉంది. నా గుండెల మీద కుంపటి దిగిపోవాలి కదా. దిగలేదు, ఇంకా రాజుకుంది.

ఇంటికి వచ్చి సువార్తకి చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. గుమ్మంలో అలాగే కూర్చుండిపోయింది. ఆ రోజు నెయ్యి మాడిందా అని అడిగాను.

"మాడింది. దించుతుంటే గిన్నె జారి వాడి చొక్కా మీద ఒలికింది. మరక పడతాదని నేనే పట్టుకెళ్లి ఉతికేను," అంది.

చొక్కా సంగతి ఇన్నేళ్లుగా ఎలా తలచుకుంటూ వచ్చానో, ఎందుకు విజయవాడ వెళ్లానో అంతా చెప్పేశాను. ఆమె నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసింది.

"అడిగితే నేనే చెప్పేదాన్ని కదయ్యా," అంది. ఆ తర్వాత నాతో మాట్లాడలేదు.

జైలుకి వెళ్లే రోజు ఒక్కణ్ణే వెళ్లాను. దయాకర్ జాలీకి అవతల నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్లకే చెవుల దగ్గర నెరిసింది. లాయరు వారం కిందటే వచ్చి లైటు సంగతి చెప్పి పోయిందట. నేను నోరు తెరవక ముందే వాడే ఎత్తుకున్నాడు.

"దానికి ఇదైపోకు నాన్నా. నీ చెయ్యి నాకు తెలీదా? అన్నం గిన్నె ఇచ్చినా లైటేసి చూసే రకానివి నువ్వు." నవ్వే ప్రయత్నం చేశాడు. "ఇంకో జానెడు మిగిలిందంట కదా. దాచమన్నానని మేడం గారికి చెప్పు. పదేళ్లు కాదు, పదిహేనైనా ఉంటాను. అదుందని తెలిస్తే ఉండగలను."

జాలీని రెండు చేతులతో పట్టుకున్నాను. చదివించేశానని చెప్పాను. వాడికి వెంటనే అర్థం కాలేదు. కోర్టువాళ్ల ముందా అని అడిగాడు. కాదు, నా కోసం అన్నాను. చొక్కా సంగతి కూడా దాచలేదు. అందులో ఏం వినపడిందో మాట మాటా చెప్పాను. ఆ పిల్ల మాటలు చెబుతుంటే వాడు కళ్లు మూసుకున్నాడు.

"అయితే ఇన్నాళ్లూ నమ్మలేదన్నమాట," అన్నాడు.

నేను తల ఎత్తలేకపోయాను. వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని అనిపించింది.

"ఇప్పుడు నమ్మేవా నాన్నా?"

"నమ్మేనురా."

వాడు తలూపాడు. టైమైందని వార్డరు కేకేశాడు. వెళ్లబోతూ వాడు ఆగి, నా వైపు చూడకుండా, మెల్లగా అన్నాడు.

"వచ్చేసారి అమ్మనొక్కదాన్నే పంపు."

సరేనన్నాను.